సిమ్యులేషన్‌కి రోడ్డు మోడల్ కట్టడం ఎలా: ఎత్తుపల్లాల నుంచి గ్రిప్ దాకా

సస్పెన్షన్ కంట్రోలర్ రాసుకున్నాం, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లాజిక్ రాసుకున్నాం, మరి చక్రం కింద రోడ్డు ఏం పెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు. ఎక్కువమంది ఒక సైన్ వేవో, లేదంటే నేరుగా రాండమ్ నంబర్లో ఇచ్చేసి పని కానిచ్చేస్తున్నారు. అలా చేస్తే కంట్రోలర్ బాగుందో లేదో తేలదు, ఎందుకంటే రోడ్డే తప్పు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తా. రోడ్డుని టైమ్‌తో కాదు, దూరంతో కట్టండి. రోడ్డు ఎత్తు అనేది వాహనం ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది, ఎప్పుడుందో దాన్ని బట్టి కాదు. కింద చెప్పే తప్పుల్లో చాలా వాటికి మూలం ఇదే.

ఫార్ములాలు మాటల్లోనే రాస్తున్నా. వాటిలో π విలువని 3.1416 అని అంకెల్లోనే పెడతా.

## 1. మీకు ఏ రోడ్డు కావాలో ముందు తేల్చుకోండి

రోడ్డు మోడల్ అంటే ఒకటే వస్తువు కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. మీ పనికి ఏ పొర కావాలో అది చాలు.

- రైడ్ కంఫర్ట్, సస్పెన్షన్ కంట్రోల్: ఎత్తుపల్లాల ప్రొఫైల్, అంటే దూరం వెంట రోడ్డు ఎత్తుల వరుస, కావాలి, అరమీటరు నుంచి సుమారు 90 మీటర్ల అలల పొడవు దాకా.
- ఏబీఎస్, ట్రాక్షన్, స్టెబిలిటీ కంట్రోల్: గ్రిప్ మ్యాప్, అంటే రోడ్డు మీద ఎక్కడ ఎంత పట్టు ఉందో చెప్పేది, ముఖ్యం, ప్రొఫైల్ రెండో స్థానం. కానీ గతుకుల మీద ఏబీఎస్ టెస్ట్ చేయాలంటే రెండూ కలవాలి.
- క్రూయిజ్ కంట్రోల్, గేర్, బ్యాటరీ వాడకం: వాలు, మలుపు చాలు. గతుకులు అక్కర్లేదు.
- ఫెటీగ్, బలం లెక్కలు: కొలిచిన ప్రొఫైల్, గుంతలు, బ్రేకర్లు తప్పనిసరి. రాండమ్ రోడ్డు ఒక్కటే చాలదు.
- టైరు శబ్దం: అరమీటరు కంటే చిన్న టెక్స్చర్ సంగతి అది, ఈ గైడ్ పరిధిలోకి రాదు.

ఒక జాగ్రత్త. వాలుని, గతుకుల్ని ఒకే డేటా నుంచి తీస్తే రెండుసార్లు లెక్కేసే ప్రమాదం ఉంది. 90 మీటర్ల కంటే పొడవైన అలలు వాలు పొరలోకి, చిన్నవి గతుకుల పొరలోకి అని గీత గీసుకుని దాని మీదే ఉండండి.

## 2. కోడ్ ముట్టుకునే ముందు ఈ నంబర్లు రాసుకోండి

రోడ్డు అలని మీటరుకి ఎన్ని సైకిల్స్ అని కొలుస్తాం, దాన్నే వేవ్ నంబర్ అంటారు. దాన్ని వేగంతో గుణిస్తే చక్రానికి తగిలే ఫ్రీక్వెన్సీ వస్తుంది. ఐఎస్ఓ 8608 స్టాండర్డ్ మీటరుకి 0.011 నుంచి 2.83 సైకిల్స్ దాకా చూస్తుంది. సెకనుకి 20 మీటర్ల వేగంలో, అంటే గంటకి 72 కిలోమీటర్లలో, అది 0.22 నుంచి 56.6 హెర్ట్జ్ అవుతుంది. కారు బాడీ ఊగే 1 నుంచి 1.5 హెర్ట్జ్, చక్రం ఎగిరే 10 నుంచి 12 హెర్ట్జ్ రెండూ ఇందులోనే ఉన్నాయి, కాబట్టి ఈ రేంజ్ సరిపోతుంది.

మరీ నెమ్మదిగా వెళ్తే లెక్క మారుతుంది. సెకనుకి 5 మీటర్లలో పై హద్దు 14 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, అంటే చక్రం ఎగిరే ఫ్రీక్వెన్సీ అంచుకి వచ్చేసింది. అలాంటప్పుడు ఇంకా చిన్న అలలు కూడా మోడల్‌లో ఉండాలి.

రాసుకోవాల్సినవి:

- వేగాల రేంజ్, అతి తక్కువ, అతి ఎక్కువ రెండూ
- శాంపిల్ దూరం: 5 సెంటీమీటర్లు మంచి మొదలు. 2.83 సైకిల్స్ పట్టాలంటే 17 సెంటీమీటర్ల లోపు ఉండి తీరాలి, కానీ ఆ అంచున పని చేయకండి
- రోడ్డు పొడవు: కనీసం 1 కిలోమీటరు, లేకపోతే 90 మీటర్ల అలలు లెక్కకి సరిపడా దొరకవు
- వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), ట్రాక్ వెడల్పు (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం), టైరు కాంటాక్ట్ పొడవు (టైరు రోడ్డుని తాకే పొడవు)
- రాండమ్ సీడ్, అంటే రాండమ్ నంబర్ల వరుస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే నంబర్. ఇది రాసుకోకపోతే రేపు అదే రోడ్డు మళ్ళీ రాదు, రెండు కంట్రోలర్లని పోల్చడం కుదరదు

## 3. రోడ్డు క్లాస్ ఎంచుకోండి, ఏ స్కేల్‌లో ఉందో చూసుకోండి

ఐఎస్ఓ 8608 లో ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది క్లాసులున్నాయి. మీటరుకి 0.1 సైకిల్ దగ్గర పవర్ స్పెక్ట్రల్ డెన్సిటీ, అంటే పీఎస్‌డీ (ఏ అలల పొడవులో గతుకు ఎంత బలంగా ఉందో చెప్పే కొలత), ఎంతుందో అదే రోడ్డు నంబర్. మధ్య విలువలు ఘనపు మీటర్లలో ఇలా ఉంటాయి:

- ఏ: 16 × 10⁻⁶
- బీ: 64 × 10⁻⁶
- సీ: 256 × 10⁻⁶
- డీ: 1024 × 10⁻⁶

ఒక్కో క్లాసుకి నాలుగు రెట్లు పెరుగుతుంది, అంటే గతుకు ఎత్తు రెండు రెట్లు. వేవ్ నంబర్ పెరిగే కొద్దీ పీఎస్‌డీ దాని వర్గానికి విలోమంగా తగ్గుతుంది, లాగ్ గ్రాఫ్‌లో మైనస్ 2 వాలున్న గీత అన్నమాట.

ఇక్కడ పెద్ద ఉచ్చు ఒకటుంది. ఇదే స్టాండర్డ్ ఇంకో స్కేల్ కూడా ఇస్తుంది, మీటరుకి రేడియన్లలో, 1 రేడియన్ దగ్గర. ఆ స్కేల్‌లో ఏ క్లాస్ 1 × 10⁻⁶, బీ క్లాస్ 4, సీ క్లాస్ 16. అంటే ఎక్కడైనా 16 × 10⁻⁶ అని కనిపిస్తే అది ఒక స్కేల్‌లో నున్నటి ఏ రోడ్డు, ఇంకో స్కేల్‌లో సీ రోడ్డు. ఎవరి కోడ్ అయినా తెచ్చుకుంటే ముందు ఇది చూడండి.

## 4. ప్రొఫైల్ తయారు చేయడం

రెండు దారులున్నాయి. ఉత్త సిమ్యులేషన్‌కైతే రెండోది బాగుంటుంది, ఎస్టిమేటర్ (సెన్సార్ల నుంచి రోడ్డుని అంచనా వేసే ప్రోగ్రామ్) డిజైన్‌కి మొదటిది తప్పదు.

### 4.1 ఫిల్టర్ దారి

వైట్ నాయిస్‌ని (అన్ని ఫ్రీక్వెన్సీలూ సమానంగా ఉన్న రాండమ్ సిగ్నల్‌ని) ఒక ఫస్ట్ ఆర్డర్ ఫిల్టర్ గుండా పంపడమే. ప్రతి అడుగుకీ ఇదొక్కటే లెక్క:

కొత్త ఎత్తు = నిలుపు గుణకం × పాత ఎత్తు + నాయిస్ గుణకం × రాండమ్ నంబర్

రాండమ్ నంబర్ సగటు 0, వేరియన్స్ 1 ఉన్న గాసియన్ నంబర్. నిలుపు గుణకం అంటే మైనస్ (2 × 3.1416 × 0.011 × శాంపిల్ దూరం) కి ఎక్స్‌పోనెన్షియల్. నాయిస్ గుణకం సుమారుగా 2 × 3.1416 × 0.1 × (క్లాస్ నంబర్‌కి వర్గమూలం) × (శాంపిల్ దూరంలో సగానికి వర్గమూలం).

5 సెంటీమీటర్ల శాంపిల్, సీ క్లాస్ అయితే నిలుపు గుణకం 0.99655, నాయిస్ గుణకం 1.59 మిల్లీమీటర్లు. బీ క్లాసుకి దాదాపు 0.79, డీ క్లాసుకి 3.18. మీ కోడ్‌లో ఈ నంబర్లు రాకపోతే ముందుకి పోకండి, ఎక్కడో యూనిట్ తప్పింది.

0.011 ఎందుకంటే, అది లేకపోతే మిగిలేది ఉత్త ఇంటిగ్రేటర్, ప్రొఫైల్ ఎటో అటు జారుకుంటూ కిలోమీటరు దాటేసరికి పదుల సెంటీమీటర్లు పైకో కిందకో పోగలదు. ఎత్తు 0 తో మొదలుపెడితే మొదటి 100 మీటర్లు పారేయండి, ఫిల్టర్ కుదురుకోడానికి ఆ మాత్రం దూరం కావాలి.

సగానికి వర్గమూలం అన్నాను చూడండి, ఆ సగం దగ్గరే జనం ఎక్కువగా పడిపోతారు. స్టాండర్డ్ పీఎస్‌డీ వన్ సైడెడ్, అంటే పాజిటివ్ వైపే మొత్తం పవర్ లెక్కేస్తుంది. సిమ్యులింక్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లోని బ్యాండ్ లిమిటెడ్ వైట్ నాయిస్ బ్లాక్ టూ సైడెడ్ లెక్కలో నడుస్తుంది, కాబట్టి అక్కడ నాయిస్ పవర్ 0.5 ఇవ్వాలి. 1 ఇచ్చారంటే పీఎస్‌డీ రెట్టింపు అయిపోతుంది, మీరు సీ అనుకుంటున్న రోడ్డు నిజానికి సీ, డీ క్లాసుల సరిహద్దు మీద ఉంటుంది. చూడ్డానికి తేడా తెలియదు, రిజల్ట్స్‌లో మాత్రం గతుకు ఎత్తు 41 శాతం ఎక్కువ.

### 4.2 సైన్ వేవ్‌ల కూడిక దారి

1. వేవ్ నంబర్ రేంజ్‌ని ముక్కలు చేయండి.
2. ప్రతి ముక్కకీ ఆంప్లిట్యూడ్ = (2 × ఆ చోట పీఎస్‌డీ × ముక్క వెడల్పు) కి వర్గమూలం.
3. ప్రతి దానికీ 0 నుంచి 360 డిగ్రీల మధ్య రాండమ్ ఫేజ్.
4. అన్నీ కలపండి.

సమాన ముక్కలు చేస్తే ఒక చిక్కుంది. ముక్క వెడల్పు 0.01 అయితే రోడ్డు ప్రతి 100 మీటర్లకీ అచ్చం అదే తిరిగి వస్తుంది, దాంతో అడాప్టివ్ కంట్రోలర్ ఆ రిపీట్‌ని నేర్చేసుకుని బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. 1 కిలోమీటరు రిపీట్ లేకుండా కావాలంటే వెడల్పు 0.001 ఉండాలి, అంటే దాదాపు 2800 సైన్‌లు. అంత బరువు వద్దనుకుంటే లాగ్ స్కేల్‌లో కొన్ని వందల ముక్కలు చేసి, ప్రతి ముక్కలో వేవ్ నంబర్‌ని రాండమ్‌గా ఎంచుకోండి. అప్పుడు ఒక్కో ముక్క వెడల్పు వేరు, ఆంప్లిట్యూడ్ లెక్కలో ఎవరి వెడల్పు వాళ్ళకే వాడాలి.

ఏ దారిలో చేసినా ప్రొఫైల్‌ని ముందే తయారు చేసి టేబుల్‌గా దాచుకోండి. సాల్వర్ (సిమ్యులేషన్ సమీకరణాల్ని స్టెప్పు స్టెప్పుగా లెక్కేసే ప్రోగ్రామ్) పిలిచే ఫంక్షన్ లోపల రాండమ్ నంబర్ పిలవకండి. వేరియబుల్ స్టెప్ సాల్వర్ ఒక స్టెప్‌ని వెనక్కి తీసుకుని మళ్ళీ ప్రయత్నిస్తుంది, ఆ రెండోసారి రోడ్డు వేరేలా ఉంటే అది స్టెప్‌ని తగ్గించుకుంటూ పోయి చివరికి నిలబడిపోతుంది.

## 5. వాహనం పెట్టకముందే రోడ్డుని చెక్ చేయండి

ఈ స్టెప్ దాటేసేవాళ్ళే ఎక్కువ. దయచేసి దాటేయకండి, పది నిమిషాల పని.

వెల్చ్ పద్ధతిలో (ప్రొఫైల్‌ని సెగ్మెంట్లు చేసి వాటి పీఎస్‌డీల సగటు తీసే పద్ధతి), హాన్ విండోతో, 200 మీటర్ల సెగ్మెంట్లతో పీఎస్‌డీ తీయండి. శాంపిల్ రేట్ దగ్గర హెర్ట్జ్ కాదు, మీటరుకి శాంపిల్స్ ఇవ్వాలి, 5 సెంటీమీటర్లకి అది 20. లాగ్ గ్రాఫ్ గీసి దాని మీద స్టాండర్డ్ గీత వేయండి.

- 0.1 దగ్గర విలువ మీ క్లాస్ నంబర్ చుట్టూ ఉందా
- వాలు మైనస్ 2 ఉందా
- అన్నిచోట్లా సరిగ్గా రెట్టింపో సగమో ఉందా: ఉంటే వన్ సైడెడ్, టూ సైడెడ్ గొడవే
- దాదాపు 40 రెట్లు తేడా ఉందా: సైకిల్స్, రేడియన్ల మధ్య ఎక్కడో 2 × 3.1416 వర్గం తప్పిపోయింది

ఆర్‌ఎంఎస్ (ఎత్తుల వర్గాల సగటుకి వర్గమూలం) చూసి తృప్తి పడొద్దు. సీ క్లాసుకి 0.011 నుంచి 2.83 దాకా మాత్రమే లెక్కేస్తే ఆర్‌ఎంఎస్ 15.2 మిల్లీమీటర్లు. కానీ ఫిల్టర్ దారిలో చేసిన ప్రొఫైల్ మొత్తానికి తీస్తే 19.1 వస్తుంది, ఎందుకంటే ఆ ఫిల్టర్ 0.011 కంటే పొడవైన అలలు కూడా కొన్ని ఇస్తుంది, అంతేగానీ అది తప్పు కాదు. ఒకే బ్యాండ్‌కి కోసి పోల్చాలి. అది కూడా కిలోమీటరు రోడ్డులో ఒక్కో సీడ్‌కి ఒక్కోలా ఊగుతుంది, చాలా సీడ్ల సగటు చూడండి.

## 6. నాలుగు చక్రాలకి నాలుగు ఇన్‌పుట్లు

వెనక చక్రం తేలిక. ముందు చక్రం దాటిన చోటే వెనకది వీల్‌బేస్ దూరం తర్వాత దాటుతుంది, కాబట్టి అదే టేబుల్‌లో వీల్‌బేస్ అంత వెనక్కి చదవండి. 2.5 మీటర్ల వీల్‌బేస్, సెకనుకి 20 మీటర్ల వేగం అయితే 0.125 సెకన్ల ఆలస్యం. దీన్ని టైమ్ డిలే బ్లాక్‌తో పెట్టారంటే బ్రేక్ వేసిన వెంటనే తప్పిపోతుంది. దూరంతో కడితే ఈ సమస్యే రాదు.

ఎడమ, కుడి కొంచెం కష్టం. రెండిటికీ ఒకే ప్రొఫైల్ ఇస్తే వాహనం పక్కకి అసలు ఊగదు. పూర్తిగా వేరే ప్రొఫైల్స్ ఇస్తే పొడవైన అలల్లో కూడా అతిగా ఊగుతుంది. నిజం మధ్యలో ఉంది: పొడవైన అలలు రెండువైపులా కలిసి ఉంటాయి, చిన్నవి విడిపోతాయి.

రోడ్డు అన్ని దిక్కుల్లో ఒకేలా గతుకుగా ఉందనుకుంటే, మైనస్ 2 వాలుకి పొందిక (ఎడమ, కుడి ఎంత కలిసి కదులుతాయో చెప్పే 0 నుంచి 1 దాకా విలువ, ఇంగ్లీషులో కోహెరెన్స్) ఇలా వస్తుంది: యూ = 2 × 3.1416 × వేవ్ నంబర్ × ట్రాక్ వెడల్పు, పొందిక = యూ × రెండో రకం మాడిఫైడ్ బెసెల్ ఫంక్షన్ (ఆర్డర్ 1) ఆఫ్ యూ. ట్రాక్ 1.5 మీటర్లయితే మీటరుకి 0.011 దగ్గర పొందిక 0.98, 0.1 దగ్గర 0.63, 0.5 దగ్గర 0.03. అన్ని దిక్కుల్లో ఒకేలా అనేది ఊహే, చక్రాల దారులు పడిపోయిన రోడ్డుకి అది నిలవదు. కొలిచిన డేటా ఉంటే దాని పొందికే వాడండి.

అమలు చేయడం: సైన్‌ల దారిలో ప్రతి వేవ్ నంబర్‌కీ రెండు ఫేజ్‌లు తీయండి, ఒకటి ఎడమకి, ఒకటి కొత్తది. కుడి ప్రొఫైల్ = పొందిక × ఎడమ సైన్ + (1 మైనస్ పొందిక వర్గం) కి వర్గమూలం × కొత్త సైన్. తర్వాత కుడి దానికి కూడా 5వ స్టెప్ చెక్ చేయండి, పీఎస్‌డీ ఎడమ దానిలాగే రావాలి.

## 7. బ్రేకర్లు, గుంతలు

రాండమ్ రోడ్డులో ఇవి వాటంతటవి రావు, విడిగా కలపాలి. బ్రేకర్‌కి మంచి ఆకారం: ఎత్తు × సగం × (1 మైనస్ కొసైన్ (2 × 3.1416 × దూరం ÷ పొడవు)). అంచుల్లో వాలు సున్నా కాబట్టి సాల్వర్ ఇబ్బంది పడదు. దీని మీద నిట్టనిలువు వేగం గరిష్ఠంగా 3.1416 × ఎత్తు ÷ పొడవు × వాహన వేగం. 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.6 మీటర్ల పొడవు, సెకనుకి 5 మీటర్ల వేగంలో అది సెకనుకి 0.44 మీటర్లు వస్తుంది. మీ డ్యాంపర్ కర్వ్ అంతదాకా ఉందో లేదో చూసుకోండి.

గుంతల్లో లోతు కంటే పొడవు ముఖ్యం. 30 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గట్టి చక్రం, 30 సెంటీమీటర్ల పొడవున్న గుంతలోకి 4 సెంటీమీటర్లే దిగుతుంది, గుంత లోతు 10 ఉన్నా సరే. ప్రొఫైల్‌ని ఉన్నదున్నట్టు ఒక బిందువుతో చదివే మోడల్ మాత్రం 10 సెంటీమీటర్లూ దించేస్తుంది, ఫోర్స్ నంబర్లు భయంకరంగా వస్తాయి.

## 8. టైరు దగ్గర ఫిల్టర్

పై సమస్యకి మందు ఇదే. టైరు బిందువు కాదు, కారు టైరు రోడ్డుని సుమారు 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున తాకుతుంది. కనీసం ఆ పొడవుకి మూవింగ్ యావరేజ్ తీసి వాడండి, అదీ చక్రం మధ్యకి రెండువైపులా సమానంగా, లేకపోతే రోడ్డు కాస్త ఆలస్యంగా వచ్చినట్టు అవుతుంది. మామూలు రాండమ్ రోడ్డుకి ఇది చాలు. పదునైన అంచులకి చాలదు, అక్కడ ముందు వెనక రెండు దీర్ఘవృత్తాల కామ్ మోడలో, ఎఫ్‌టైర్ లాంటి వివరమైన టైరు మోడలో కావాలి. అలాంటి మోడల్ వాడితే మీ మూవింగ్ యావరేజ్ తీసేయండి, రెండుసార్లు ఫిల్టర్ అయిపోతుంది.

టేబుల్ చదివేటప్పుడు టైరు డ్యాంపింగ్ కూడా ఉంటే సాదా లీనియర్ ఇంటర్‌పొలేషన్ వద్దు, వాలులో మెట్లు వచ్చి ఫోర్స్‌లో అనవసరపు కుదుపులు కనిపిస్తాయి. క్యూబిక్ వాడండి.

## 9. గ్రిప్ మ్యాప్

గ్రిప్‌ని మ్యూ, అంటే టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణ గుణకం, తో కొలుస్తాం. అది స్లిప్‌ని (చక్రం వేగం వాహన వేగం కంటే ఎంత వంతు వెనకబడిందో దాన్ని) బట్టి మారుతుంది. మొదలుపెట్టడానికి బర్కార్ట్ ఫార్ములా సులువు: మ్యూ = మొదటి గుణకం × (1 మైనస్ ఎక్స్‌పోనెన్షియల్ (మైనస్ రెండో గుణకం × స్లిప్)) మైనస్ మూడో గుణకం × స్లిప్. అందరూ వాడే విలువలు:

- పొడి తారు: 1.2801, 23.99, 0.52
- తడి తారు: 0.857, 33.822, 0.347
- మంచు కురిసిన రోడ్డు: 0.1946, 94.129, 0.0646

వీటితో లెక్కేస్తే గరిష్ఠ మ్యూ పొడి దానికి 1.17, స్లిప్ 0.17 దగ్గర. తడికి 0.80, స్లిప్ 0.13 దగ్గర. మంచుకి 0.19, స్లిప్ 0.06 దగ్గర. శిఖరం ఎత్తు మారడమే కాదు, అది పక్కకి కూడా జరుగుతోంది చూడండి. అందుకే ఏబీఎస్‌కి ఒకే స్లిప్ టార్గెట్ పెట్టి, మ్యూని ఒక నంబర్‌తో గుణించి తడి రోడ్డు అనేస్తే అసలు పరీక్షే జరగలేదు. ఇంకో విషయం, ఈ గుణకాల్లో రోడ్డుతో పాటు టైరు కూడా కలిసి ఉంది, మీ టైరు డేటా దొరికితే అదే వాడండి.

మ్యాజిక్ ఫార్ములా (టైరు ఫోర్స్‌కి బాగా వాడే ఇంకో ఫార్ములా) వాడేవాళ్ళు శిఖరాన్ని మాత్రమే తగ్గిస్తే మొదటి వాలు కూడా తగ్గిపోతుంది. స్లిప్ స్టిఫ్‌నెస్‌ని విడిగా ఉంచి, దృఢత్వం గుణకాన్ని దాన్నుంచి మళ్ళీ లెక్కేయాలి.

మ్యాప్ కట్టేటప్పుడు:

- మ్యూ కూడా దూరం, అడ్డం రెండిటి మీద ఆధారపడాలి, టైమ్ మీద కాదు
- ప్రతి చక్రం తన చోటు మ్యూ తనే చదవాలి. ఒకవైపు తడి, ఒకవైపు పొడి పెట్టే స్ప్లిట్ మ్యూ టెస్ట్ అప్పుడే కుదురుతుంది
- పొడి నుంచి తడికి మార్పు ఒక్కసారిగా కాకుండా కాంటాక్ట్ పొడవంత దూరంలో జరగాలి

## 10. కొలిచిన రోడ్డు వాడుతుంటే

జీపీఎస్ ఎత్తు గతుకులకి పనికిరాదు, వాలుకి మాత్రమే వాడుకోండి. లేజర్ ప్రొఫైలర్ డేటా అయితే ముందు స్పైక్‌లు తీసేయండి, తర్వాత ట్రెండ్ తీసేయండి, ఆ తర్వాతే హైపాస్ (పొడవైన అలల్ని తీసేసే ఫిల్టర్). ఈ వరుస మారితే ఒక్క స్పైక్ ఫిల్టర్ గుండా పాకి పదుల మీటర్ల దాకా రోడ్డుని పాడు చేస్తుంది. ఫిల్టర్‌ని ముందుకీ వెనక్కీ రెండుసార్లు నడిపితే ఫేజ్ చెడదు. మూడు కొలతల్లో ఉపరితలం మొత్తం ఉంటే ఏశామ్ అనే ప్రమాణాల సంస్థ వాళ్ళ ఓపెన్‌సీఆర్‌జీ ఫార్మాట్‌లో దాచుకోవడం మంచిది, చాలా టూల్స్ చదువుతాయి.

నిజమైన రోడ్డు వాలు కచ్చితంగా మైనస్ 2 రాదు, కంగారు పడి దాన్ని బలవంతంగా సరిచేయకండి. ఒక చోట నున్నగా, ఇంకో చోట పగిలిపోయి ఉండడం కూడా మామూలే. అలాంటి దానికి మొత్తం మీద ఒక్క క్లాస్ నంబర్ ఇవ్వడం కంటే ముక్కలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో నంబర్ ఇవ్వడం నయం.

## 11. ఎస్టిమేటర్‌కి ఇదే మోడల్ వాడేటప్పుడు

కాల్మన్ ఫిల్టర్‌తో (మోడల్‌నీ సెన్సార్ కొలతల్నీ కలిపి అంచనా వేసే పద్ధతితో) రోడ్డుని అంచనా వేయాలంటే 4.1 లోని ఫిల్టర్‌ని వాహనం స్టేట్‌లకి ఇంకో స్టేట్‌గా కలపండి. ఇక్కడ మాత్రం టైమ్‌లోకి మార్చక తప్పదు: కటాఫ్ (4.1 లోని 0.011) వేగంతో పెరుగుతుంది, నాయిస్ వేరియన్స్ కూడా వేగంతో పెరుగుతుంది. రెండిటినీ ప్రతి స్టెప్‌లో మార్చండి, వాహనం ఆగితే రోడ్డు నాయిస్ కూడా సున్నా కావాలి.

పరీక్షించేది మాత్రం అదే ఫిల్టర్ ఇచ్చిన రోడ్డు మీద కాకూడదు. ఎస్టిమేటర్ ఏ మోడల్ నమ్ముతోందో రోడ్డూ అదే అయితే రిజల్ట్ బాగా రాక ఏమవుతుంది. ఈ నాలుగిటి మీద నడపండి:

- సైన్‌ల దారిలో చేసిన రోడ్డు, ఎస్టిమేటర్ అనుకున్న క్లాస్ కంటే ఒక క్లాస్ పైన, ఒక క్లాస్ కింద
- మధ్యలో బీ నుంచి డీకి మారే రోడ్డు
- బ్రేకర్, గుంత
- వేగం మారుతూ, మధ్యలో పూర్తిగా ఆగి మళ్ళీ కదిలే ప్రయాణం

చివరి దాన్ని ముందు నడపండి. రోడ్డు టైమ్‌తో ముడిపడి ఎక్కడైనా మిగిలిపోయి ఉంటే, వాహనం ఆగినప్పుడు బాడీ ఇంకా కదులుతూ అక్కడే దొరికిపోతుంది.